పదో ఏటి దగ్గర వంపు

ఆ గణాంకాల కార్యాలయంలో మరణాల విభాగం పై అంతస్తులో ఉండేది. లిఫ్టు అక్కడిదాకా వెళ్ళేది కాదు, చివరి అంతస్తుకు మెట్లెక్కాల్సిందే. కింద ధరల విభాగం వాళ్ళకు అదొక తీరని వేళాకోళం. "పైకి పోయినవాళ్ళ లెక్క పైనే ఉండాలి కదా" అనేవాళ్ళు. ఎవరైనా ఆ విభాగానికి బదిలీ అయితే, "పాపం, నిన్న పొద్దున్నే పైకెళ్ళిపోయాడు" అని మొహం వేలాడేసుకుని చెప్పి, అవతలివాడు కంగారు పడ్డాక పకపకా నవ్వేవాళ్ళు.

అక్కడ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఒకతన్ని అందరూ వంపులాయన అనేవాళ్ళు. వర్షాల గురించి మొదలుపెట్టినా, కూరగాయల గురించి మొదలుపెట్టినా అతని మాట తిరిగి తిరిగి ఆ వంపు దగ్గరికే వచ్చి ఆగేది. ఏటేటా పోయినవాళ్ళ వివరాలు వయసుల వారీగా అతని దగ్గరికొచ్చేవి. ఫలానా వయసువాళ్ళు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎంతమంది పోయారు, దీన్ని దానితో భాగిస్తే ఆ వయసుకు మరణాల రేటు. సున్నా నుంచి నూరేళ్ళ దాకా అలా చుక్కలు పెట్టుకుంటూ పోయి కలిపితే వంపు వస్తుంది. పుట్టిన ఏట ఎత్తున మొదలై, జారుడుబల్ల మీంచి దిగినట్టు సర్రున దిగి, పదో ఏటి దగ్గర నేలను ఆనుకుని, కుర్రకారు బళ్ళు తోలే వయసులో చిన్న మూపురంలా లేచి, ముప్పై దాటాక ఇక వెనక్కి చూడకుండా ఎక్కుతూనే పోతుంది. ఏళ్ళ తరబడి వచ్చిన అలాంటి వంపుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఏ వయసు దగ్గర గీత ఎంత వేగంగా కిందికి దిగుతోందో చూసి, రాబోయే ముప్పై ఏళ్ళకూ గీతలు గీయడం అతని పని. ఎన్ని బడులు కట్టాలి, ఎన్ని ఆసుపత్రి మంచాలు కావాలి, ఎంతమంది ముసలివాళ్ళను చూసుకోవాలి, అన్నీ ఆ గీతల్ని చూసే నిర్ణయించేవాళ్ళు.

ఎదురు బల్ల జననాల లెక్కలు చూసే అతనిది. కింద చోటు చాలక అతన్నీ పైకే తోలారు. "నేను తెస్తుంటాను, నువ్వు పంపించేస్తుంటావు. మధ్యలో ఈ జనమంతా ఎందుకయ్యా ఇంత ఆయాసపడతారు?" అని రోజుకోసారైనా అనేవాడు. వంపులాయన రోజూ నవ్వేవాడు. పాత జోకే అయినా స్నేహితుడి జోకు.

ఇంట్లో భార్య, ఒక్కగానొక్క కూతురు. భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. వచ్చినవాళ్ళ మొహానికి ఏ ఫ్రేము నప్పుతుందో ఒక్క చూపులో చెప్పేసేది. కూతుర్ని ఉడత అని పిలిచేవాళ్ళు. పెన్సిళ్ళు కొరికేది, ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు, తినమంటే బుగ్గన పెట్టుకుని ఇల్లంతా తిరిగేది. ఒకసారి తండ్రి వంటింటి బల్ల మీద కాగితం పరిచి గీత చూసుకుంటుంటే మీదికెక్కి కూర్చుంది.

"నాన్నా, ఇందులో నేనెక్కడున్నాను?"

అతను గీత అట్టడుగున వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ. నీ వయసువాళ్ళను ఏదీ ఏమీ చెయ్యలేదు."

"అమ్మ?"

"అమ్మ ఇక్కడ. ఇప్పుడిప్పుడే ఎక్కడం మొదలుపెట్టింది."

"మరి అమ్మమ్మ?"

"అమ్మమ్మ ఇదిగో, పైన, కొండ మీద."

పొయ్యి దగ్గర నుంచి భార్య గరిటె పట్టుకునే తిరిగింది. "మా అమ్మను అప్పుడే కొండెక్కించేశారా? రేపు ఫోన్లో చెప్తాను ఉండండి."

ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఉడతకు ఆ మాటలో ఉన్న రెండో అర్థం తెలియకపోయినా, అందరికన్నా ఎక్కువసేపు అదే నవ్వింది.

అతను ఊరికే చెప్పే మనిషి కాదు, నమ్మి చెప్పేవాడు. పిల్ల మెట్ల మీంచి పడి తల బొప్పి కట్టించుకున్నప్పుడు భార్య వణికిపోతే, ఈ వయసులో ఎముకలూ గట్టివే, ప్రాణమూ గట్టిదే అన్నాడు. మర్నాటికి తగ్గిపోయింది. పంటి వాపుతో మొహమంతా ఉబ్బినప్పుడూ అదే అన్నాడు. అదీ తగ్గిపోయింది. అలా చెప్పిన ప్రతిసారీ అతని మాటే నెగ్గుతూ వచ్చింది. భార్య తన అక్కతో గర్వంగానే అనేది, "ఈయనున్నారంటే నాకు సగం భయాలు పుట్టకుండానే పోతాయి" అని.

ఒక సెలవురోజు పొద్దున ఉడత జ్వరంతో లేచింది. రెండుసార్లు వాంతి చేసుకుంది. తలనొప్పి అంది. బడిలో అప్పటికే సగం మందికి జ్వరాలు. మాత్ర వేసి పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి భార్య గదిలోంచి వచ్చి అతని ముందు నిలబడింది.

"ఏవండీ, ఆసుపత్రికి తీసుకెళ్దాం. ఒళ్ళు కాలిపోతోంది. వెలుతురు చూడలేనంటోంది. తల వంచి నీళ్ళు తాగమంటే మెడ వంచలేకపోతోంది."

"రాత్రి తలగడ సరిగ్గా లేక పట్టేసుంటుంది. మాత్ర పని చెయ్యనీ. సాయంత్రం దాకా చూద్దాం."

"నాకెందుకో మనసు కీడు శంకిస్తోందండీ."

అతను లేచి గదిలోకి వెళ్ళాడు. మంచం అంచున కూర్చుని పిల్ల నుదుటి మీద చెయ్యి వేశాడు. ఉడత కళ్ళు తెరవకుండానే అతని చెయ్యి పక్కకు నెట్టేసింది. చిరాకు పడుతోంది కదా, పర్వాలేదు, ఓపికుంది అనుకున్నాడు. భార్య వైపు తిరిగి, ఆమెకు ధైర్యం చెప్పేటప్పటి ఆ మెత్తటి గొంతుతోనే చెప్పాడు.

"పిచ్చిదానా, మనిషి బతుకు మొత్తం మీద ఇంతకన్నా గట్టి వయసు లేదు. పదివేలమంది పదేళ్ళ పిల్లల్ని వరసగా నిలబెట్టి ఏడాది పొడుగునా చూసినా ఒక్కరు పోవడం కష్టం. నువ్వూ నేనూ పోతామేమో గానీ దీనికేం కాదు."

ఆమె అతని మొహం చూసింది. నమ్మింది. వెళ్ళి తడిగుడ్డ తెచ్చుకుని పిల్ల పక్కన కూర్చుంది.

పొద్దు వాలేసరికి ఉడత పిలిస్తే పలకడం మానేసింది. చర్మం మీద అక్కడక్కడ ఊదారంగు మచ్చలు లేచాయి. అతను పిల్లను భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తాడు. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. ఆసుపత్రిలో తెల్లకోట్లు మంచం చుట్టూ మూగాయి, తెర లాగేశారు. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ అన్నారు, రక్తంలోకీ పాకిందన్నారు. మర్నాడు పొద్దెక్కక ముందే అంతా అయిపోయింది.

బయట వరండాలో అతను డాక్టర్ని పట్టుకున్నాడు. ఏడవడం లేదు. గొంతు కూడా మామూలుగానే ఉంది.

"నిన్న మధ్యాహ్నమే తెచ్చుంటే బతికే అవకాశం ఎంత శాతం ఉండేదండీ?"

డాక్టరమ్మ మెడలో స్టెతస్కోపు తీసి చేతిలోకి తీసుకుంది. తర్వాత, "ఒక్క పిల్ల గురించి అలా ఎవరూ చెప్పలేరండీ" అంది.

ఆ జవాబు అతనికి కొత్త కాదు. అంచనాల సభల్లో ఎవరైనా లేచి, "మరి నేనెప్పుడు పోతానండీ?" అని సరదాగా అడిగినప్పుడల్లా అతనూ ఇదే చెప్పేవాడు, వెయ్యిమంది గురించి చెప్పగలను గానీ ఒక్కరి గురించి చెప్పలేనని. చెప్పి జనాన్ని నవ్వించేవాడు. ఆ వరండాలో గోడకు ఆనుకుని, అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు.

ఆఫీసు నుంచి అందరూ ఇంటికి వచ్చారు. జననాలాయన వచ్చి, ఏం అనాలో తెలియక, అతని చెయ్యి పట్టుకుని, "తిన్నావా?" అని మాత్రం అడిగాడు. విభాగానికి పెద్ద అయిన ఆవిడ, అందరూ పెద్దమేడమ్ అనే ఆవిడ, మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి వచ్చి భార్య పక్కన నేల మీద కూర్చుంది. ధరల విభాగం వాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి నేల చూపులు చూశారు. భార్య ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అతన్నీ అనలేదు. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, గోడకేసి తల బాదుకున్నా ఏదో ఒకటి చేసేవాడు. ఆమె మాత్రం అన్నం వడ్డించేది, బట్టలు మడత పెట్టేది, దుకాణానికి వెళ్ళొచ్చేది. అతను గదిలోకి వస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది. పిల్ల గది తలుపు మూసే ఉండేది. ఆ తలుపు ఎవరు తెరుస్తారా అని ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చూసి, చివరికి ఇద్దరూ తెరవలేదు.

అతను ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక.

కొన్ని నెలలకు ఆ ఏటి మరణాల వివరాలు వచ్చాయి. అవి వస్తాయని అతనికి తెలుసు. జననాలాయనకూ తెలుసు. ఆ పొద్దున కుర్చీ లాక్కుని దగ్గరికొచ్చాడు.

"ఈ ఏడు నాది నువ్వు చెయ్యి, నీది నేను చేస్తాను. పెద్దమేడమ్‌తో నేను మాట్లాడతాలే."

"వద్దు."

"ఎందుకురా ఈ మొండితనం? నిన్ను నువ్వు ఎందుకు కోసుకుంటావు?"

"నా పని నేను చేస్తాను. వెళ్ళు."

కంప్యూటరు తెర మీద ఆడవాళ్ళ వరసలో పదో ఏటి గడి. మామూలుగా అక్కడ ఒకటి ఉండేది, ఒక్కో ఏడు సున్నా. ఈసారి మూడు. ఆ మూడింటిలో ఒకటి తనది. మిగతా ఇద్దరూ ఎవరి పిల్లలో అతనికి తెలియదు. వాళ్ళ నాన్నలు కూడా ఎక్కడో ఏదో పనికి పోతూనే ఉండి ఉంటారు.

అలా చిన్న అంకెలు ఎగిరిపడినప్పుడు చేసే పని ఒకటుంది. సాపు చెయ్యడం అంటారు. ఒక ఏడు ఇద్దరు ఎక్కువ పోయారంటే అది కాకతాళీయం గానీ ఆ వయసు స్వభావం కాదు గనక, అటు తొమ్మిదినీ ఇటు పదకొండునూ చూసి, మధ్యలో గడ్డను నొక్కి వంపులో కలిపేస్తారు. రాబోయే ఏళ్ళ గీతలన్నీ ఆ సాపు చేసిన వంపు మీంచే మొదలవుతాయి. ఏళ్ళ తరబడి అతనే చేసిన పని అది. చేతికి అలవాటైపోయిన పని. ఆ ఏడు కూడా మీట మీద వేలు పెట్టాడు. వేలు దిగలేదు.

అన్ని వయసులూ సాపు చేశాడు. ఆడపిల్లల పదో ఏటిని మాత్రం వచ్చినది వచ్చినట్టు వదిలేసి, ముందు గీతల్ని అక్కడి నుంచే మొదలుపెట్టాడు. వంపు అట్టడుగున ఒక ముల్లు నిలబడింది. తర్వాతి ఏటి వంపులోనూ నిలబడింది, ఆ పై ఏటిలోనూ, అలా ముప్పై వంపుల్లోనూ. దాన్ని చూస్తూ చాలా రోజుల తర్వాత అతను కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరో ఒకరికి కనబడుతుంది, ఇక్కడ ఏదో జరిగిందని.

కనబడింది. పెద్దమేడమ్ కాగితాలు పట్టుకుని తనే మెట్లెక్కి వచ్చింది. అతనికి ఈ పని నేర్పింది ఆవిడే. వచ్చి, ఆయాసం తీరేదాకా కుర్చీలో కూర్చుని, తర్వాత ఆ ముల్లు మీద వేలు పెట్టింది.

"ఇదేమిటి నాయనా?"

"నిజంగా పోయినవాళ్ళేనండీ. నేనేమీ కలపలేదు."

"కలిపావని నేననలేదు. సాపు ఎందుకు చెయ్యలేదు?"

"చేస్తే అక్కడ ఏమీ జరగనట్టుంటుందండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురు బల్ల దగ్గర జననాలాయన వినబడనట్టు తల వంచుకుని ఏదో కూడుతున్నాడు.

"జరిగింది. నాకు తెలుసు, నేను మీ ఇంట్లో కూర్చున్నాను. జరిగినదాన్ని జరిగిన ఏటి లెక్కలో రాశాం, అది ఎవరూ చెరపరు. కానీ ఇది రాబోయే కాలం. రాబోయే ముప్పై ఏళ్ళూ, ఏటేటా, పోనక్కర్లేని ఆడపిల్లలు ఒకరిద్దరు పోతారని రాస్తున్నావు. వాళ్ళలో చాలామంది ఇంకా పుట్టనైనా లేదు."

అతను ఆ ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

"చూడలేకపోతే చెప్పు. ఇంకొకళ్ళ చేత దిద్దిస్తాను."

"వద్దండీ. నేనే దిద్దుతాను."

ఆవిడ ఉండగానే దిద్దాడు. ముల్లు కుంగిపోయింది. తొమ్మిదో ఏడూ పదకొండో ఏడూ వెంట్రుకవాసి పైకి జరిగాయి. గీత పదో ఏటి మీంచి ఎప్పటిలాగే చల్లగా సాగిపోయింది. బాగా చేశావని ఎవరైనా మెచ్చుకునేంత అందంగా ఉంది. పెద్దమేడమ్ అతని భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండానే వెళ్ళిపోయింది. అతను మొహం కడుక్కోవడానికి వెళ్ళి, కుళాయి కింద తల పెట్టి, జననాలాయన వచ్చి కట్టేసేదాకా అలాగే ఉండిపోయాడు.

ఆ సాయంత్రం భార్య గిన్నెలు కడుగుతోంది. ఏటా ఈ రోజుల్లోనే లెక్కలు వస్తాయని ఆమెకు తెలుసు. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మీ లెక్కలో అది వచ్చిందా?"

"వచ్చింది."

"కనబడుతోందా?"

అవునని ఒక్క మాట అబద్ధం చెప్పినా సరిపోయేది. అతనికి ఆమెతో అబద్ధం చెప్పే అలవాటు లేదు. "ముందు కనబడింది. తర్వాత సాపు చేశాను. అలాగే చెయ్యాలి."

ఆమె కుళాయి కట్టేసింది. తడి చేతులతోనే గోడకు ఆనుకుని అతని కళ్ళలోకి చూసింది. అలా చూసి ఎన్ని నెలలైందో.

"ఆ రోజూ అదే చేశారు."

అతను చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు.

"మెడ వంగట్లేదని నేను చెప్తుంటే, పదివేలమంది పిల్లల్ని తెచ్చి దాని మంచం చుట్టూ నిలబెట్టారు. అంతమందిలో మన పిల్ల నాకే కనబడకుండా పోయింది." ఆమె గొంతు పెంచలేదు. "మిమ్మల్ని అనను. కన్నతల్లిని, భుజాన వేసుకుని నేను పోయుండాల్సింది. మీకు తెలుసనుకున్నాను."

"నాకు తెలిసింది..." అని మొదలుపెట్టాడు. ఆమె కాసేపు ఎదురుచూసి, మళ్ళీ కుళాయి తిప్పింది.

మర్నాడు ఆమె అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక రాదనే అనుకున్నాడు. వీధి చివర దాకా సంచీ మోసి బస్సెక్కించి వచ్చాడు. కొన్ని వారాలకు తనంతట తనే తిరిగొచ్చింది. "అక్కడ అందరూ నన్ను మాట్లాడిస్తున్నారు" అంది. ఇక్కడ ఆ బాధ లేదని ఆమె ఉద్దేశం. అతను తలుపు పక్కకు జరిగి దారిచ్చాడు. అదే వాళ్ళ కాపురం అయింది. ఒకే గొడుగు కింద నడిచేవాళ్ళు, ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళు, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు మేలుకుని కూర్చునేవాళ్ళు. మాటలు మాత్రం ఉప్పు చాలిందా, తలుపు వేశారా వరకే.

ఏళ్ళు గడిచాయి. అతని అంచనాలు నిజమయ్యాయి. పిల్లల మరణాలు గీత మీద గీత పెట్టినట్టు అతను చెప్పిన దారినే తగ్గుతూ వచ్చాయి. పెద్ద సభలో దాని గురించి ప్రత్యేకంగా చెప్పి చప్పట్లు కొట్టారు. ఎవరో పక్కనుంచి పొడిస్తే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. పెద్దమేడమ్ విరమించాక ఆ కుర్చీ అతనికే ఇచ్చారు. జననాలాయన తన పాత జోకు ఎప్పుడో మానేశాడు. ఏటా కూతురితో పాటు పుట్టిన ఆడపిల్లల గుంపు ఒక్కో గడి ముందుకు జరిగేది. పదిహేను, పద్దెనిమిది, ఇరవై మూడు. ఒక ఏడు జననాలాయన కాగితాల్లో వాళ్ళకు పిల్లలు పుట్టడం మొదలైంది. ఆ పూట అతను అన్నం డబ్బా మూత తియ్యలేదు.

భార్యకు ఈలోగా ఒక కొత్త జబ్బు పట్టుకుంది. జబ్బు అనే అనేవాళ్ళు వీధిలో. ఎవరింట్లో పిల్ల దగ్గినా, ఎవరి పిల్లాడి ఒళ్ళు వెచ్చబడినా ఆమె చెప్పులేసుకుని వెళ్ళేది. మెడ వంచమనేది. కళ్ళల్లోకి చూసేది. "ఇప్పుడే తీసుకెళ్దాం పదండి" అనేది. తల్లిదండ్రులు పనికి పోయి ఉంటే తనే చంకనేసుకుని ఆసుపత్రికి పోయేది. మొదట్లో అందరూ పాపం అనుకున్నారు. కొన్నాళ్ళకు విసుక్కున్నారు. పక్కింటావిడ ఒకరోజు గుమ్మంలోనే నిలబడి, "అక్కా, నీ బాధ మాకు తెలుసు. కానీ నువ్వొచ్చి ఆ చూపు చూస్తే మా పిల్లలు జడుసుకుంటున్నారు" అనేసింది. అప్పటి నుంచి ఆమె వీధిలోకి రాగానే తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్ళు.

అయినా ఆమె వెళ్ళేది. ఆమె వెనకాలే అతనూ వెళ్ళేవాడు, నీళ్ళ సీసా పట్టుకుని. ఆ పిల్లకు ఏమీ కాదని అతనికి తెలుసు. జలుబని తెలుసు, ఆ వయసు గట్టిదనీ తెలుసు, ఎంత గట్టిదో అంకెతో సహా తెలుసు. నోరు తెరిచేవాడు కాదు. ఆసుపత్రి బల్ల మీద, ఎవరిదో ముక్కు కారే పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని, ఇద్దరూ పేరు పిలిచేదాకా ఎదురుచూసేవాళ్ళు. డాక్టరు చూసి, జలుబేనమ్మా, తీసుకెళ్ళండి అనేవాడు. ఆమె ఇంకొక్కసారి మెడ చూడమని బతిమాలేది. ఆయన చూసేవాడు. అప్పుడు లేచి, ఆ పిల్లను చెరో చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చి, వాళ్ళమ్మకు అప్పగించి, ఆమె పెట్టే చీవాట్లు విని ఇంటికొచ్చేవాళ్ళు.